ఐపీసీసీ ఇంటరాక్టివ్ అట్లాస్: పర్లాకిమిడి ఉన్న పటపు గడి నుంచి ఒక సమీక్ష

ఐపీసీసీ (వాతావరణ మార్పును మదింపు చేసే ఐక్యరాజ్యసమితి అంతర్ ప్రభుత్వ సంఘం) ఆరో మదింపు నివేదికకు సంబంధించి మొదటి కార్యవర్గం తన సంపుటాన్ని 2021 ఆగస్టు 9న విడుదల చేసినప్పుడు, దానితోపాటు ఇంటరాక్టివ్ అట్లాస్ అనే ఉచిత ఆన్‌లైన్ సేవను కూడా తెచ్చింది. ప్రపంచ పటం మీద ఏ ప్రాంతాన్నైనా ఎంచుకొని అక్కడి ఉష్ణోగ్రత, వర్షపాతం, వేడి దినాల సంఖ్య ఇప్పటివరకు ఎలా మారాయో, ఇకముందు ఎలా మారవచ్చో చూసుకోవడానికి ఉద్దేశించిన సేవ ఇది. ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లోనూ, వాటిని ఆనుకొని ఉన్న శ్రీకాకుళం సరిహద్దు మండలాల్లోనూ ఉంటూ వాతావరణ మార్పు గురించి పిల్లలకు పాఠం చెప్పేవారికి, జీడితోటల మీదనో చెరువుల మీదనో నివేదికలు రాసేవారికి ఇది ఎంతవరకు పనికివస్తుందన్నదే ఈ సమీక్షలో నేను చూడదలచిన విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఇది మంచి పనిముట్టే, కానీ దీనిలోకి వెళ్లడానికి రెండు దారులున్నాయి. అందరికీ మొదట కనిపించే దారి మనల్ని కొంత ఎక్కువ వేడి వైపు తీసుకువెళుతుంది. రెండో దారిలో వెళితే, గత నూటయాభై ఏళ్లుగా థర్మామీటర్లు చెప్పిన సాక్ష్యం మనకు తోడుగా వస్తుంది.

తెర తెరవగానే పటం, దాని పక్కన ఎంపికల వరుసలు కనిపిస్తాయి. ముందు దత్తాంశాన్ని ఎంచుకోవాలి: పరిశీలనల ఆధారంగా తయారైన పటాలు, ప్రపంచ స్థాయి నమూనాల (వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటరు ప్రోగ్రాముల) పాత సమూహం సీమిప్-5, కొత్త సమూహం సీమిప్-6, ప్రాంతీయ నమూనాల సమూహం కార్డెక్స్. తరువాత చలరాశి: సగటు ఉష్ణోగ్రత, గరిష్ఠ ఉష్ణోగ్రత, గరిష్ఠం 35 డిగ్రీలు దాటే రోజులు, 40 డిగ్రీలు దాటే రోజులు మొదలైనవి. ఆ తరువాత కాలం: 2021–2040, 2041–2060, 2081–2100. ఆపైన ఉద్గారాల బాట, అంటే ఇకముందు వాయువుల విడుదల ఎలా సాగవచ్చన్న ఊహాచిత్రం: తక్కువ ఉద్గారాల ఎస్‌ఎస్‌పీ1-2.6 నుంచి ఎస్‌ఎస్‌పీ5-8.5 వరకు. చివరగా ఏ కాలంతో పోల్చాలన్నది. ఈ చివరి ఎంపికను చాలామంది పట్టించుకోరు. 1850–1900తో పోల్చిన అంకెకూ, 1995–2014తో పోల్చిన అంకెకూ ప్రపంచ సగటులోనే 0.85 డిగ్రీల తేడా ఉంటుంది. ఒక పత్రికలో చదివిన అంకెను మరో పత్రికలోని అంకెతో పోల్చి తగవులాడేవారిలో సగం మంది తగవు ఇక్కడే తీరిపోతుంది.

అసలు సమస్య నమూనాల దగ్గర మొదలవుతుంది. గాలిలో బొగ్గుపులుసు వాయువు రెట్టింపై, భూమి కొత్త సమతాస్థితికి చేరుకున్నాక సగటు ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందన్న ప్రశ్నకు (ఈ పెరుగుదలనే సున్నితత్వం అంటారు) 1979లో అమెరికా శాస్త్రజ్ఞుడు చార్నీ బృందం 1.5 నుంచి 4.5 డిగ్రీల వరకు అని జవాబిచ్చింది. 2013లో ఐదో నివేదిక వచ్చేనాటికి కూడా ఆ హద్దులు అవే. కంప్యూటర్లు వేలరెట్లు పెరిగినా, ఉపగ్రహాలు వచ్చినా ముప్పై నాలుగేళ్ల తరువాత కూడా ఆ అంతరం తగ్గలేదు. దీనికి ప్రధాన కారణం మేఘాలే. వేడెక్కిన లోకంలో తక్కువ ఎత్తు మేఘాలు పలచబడతాయా, ఎంత పలచబడతాయి అన్నదానికి ఒక్కో నమూనా ఒక్కో జవాబిస్తుంది. కొత్త సమూహం సీమిప్-6 వచ్చాక పరిస్థితి మరింత చిత్రంగా మారింది. రష్యా సంస్థవారి ఐఎన్‌ఎం-సీఎం4-8 నమూనా 1.8 డిగ్రీలు అంటే, కెనడావారి కాన్‌ఈఎస్‌ఎం5 నమూనా 5.6 డిగ్రీలు అన్నది. బ్రిటన్‌వారి యూకేఈఎస్‌ఎం1, అమెరికావారి సీఈఎస్‌ఎం2 కూడా 5 దాటాయి. నమూనాలు మెరుగైనకొద్దీ వాటి మధ్య అంతరం తగ్గాలి గదా అనుకున్నవారికి అది పెరగడం మింగుడుపడలేదు.

ఇక్కడే పరిశీలిత ఉష్ణోగ్రతలు రంగంలోకి వచ్చాయి. పద్ధతి చెప్పడానికి తేలికే. ప్రతి నమూనాను గతంలో కూడా నడిపిస్తారు కాబట్టి, అది 1981 తరువాతి దశాబ్దాల్లో భూమిని ఎంత వేడెక్కించిందో తెలుస్తుంది. అదే నమూనా ఈ శతాబ్దం చివరికి ఎంత వేడెక్కిస్తుందో కూడా తెలుస్తుంది. ఈ రెండు అంకెలను ఒక గ్రాఫు మీద చుక్కలుగా పెడితే, గతంలో ఎక్కువ వేడెక్కించిన నమూనాలే భవిష్యత్తులోనూ ఎక్కువ వేడెక్కిస్తున్నట్లు ఒక వాలు కనిపిస్తుంది. ఆ దశాబ్దాల్లో నిజంగా భూమి ఎంత వేడెక్కిందో థర్మామీటర్లు చెబుతాయి కాబట్టి, ఆ నిజమైన అంకె దగ్గర నిలబడి వాలు వెంట పైకి చూస్తే భవిష్యత్తు అంకె దొరుకుతుంది. తోకార్స్కా, ఆమె సహచరులు 2020లో ప్రచురించిన పరిశోధన చేసినది ఇదే. బాగా వేడి చూపిన నమూనాలలో చాలావాటి గతం కూడా వాస్తవం కంటే వేడిగా ఉందని, అందువల్ల పైహద్దు దిగిరావాలని అది తేల్చింది. అంతకుముందు 1990లలోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు క్లాస్ హాసెల్‌మన్ పరిశీలనల్లో మానవ ప్రభావపు ముద్రను గుర్తించే పద్ధతిని రూపొందించాడు. ఆ వంశంలోనిదే ఇదీ. ఆయనకు 2021లో భౌతికశాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది.

1981 నుంచే ఎందుకు, 1850 నుంచి ఎందుకు కాదు అని విద్యార్థులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. బొగ్గు, డీజిలు కాలినప్పుడు వేడిని పట్టి ఉంచే వాయువులతోపాటు సల్ఫేటు వంటి ఏరోసాల్ కణాలు కూడా గాలిలోకి పోతాయి. అవి ఎండను వెనక్కి తిప్పి భూమిని చల్లబరుస్తాయి. ఆ చల్లదనం ఎంతో కచ్చితంగా తెలియదు. కాబట్టి వాయువులకు అతిగా స్పందించే నమూనా, ఏరోసాల్‌కు కూడా అతిగా స్పందిస్తే, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పుకొని ఇరవయ్యో శతాబ్దపు సగటును చక్కగా పునరావృతం చేయగలవు. 1980ల తరువాత మాత్రం ప్రపంచం మొత్తం మీద ఏరోసాల్ పరిమాణం పెద్దగా మారలేదు. ఐరోపా, అమెరికాలలో తగ్గితే ఆసియాలో పెరిగింది. అందుచేత ఆ కాలపు వేడి పెరుగుదలలో వాయువుల పాత్ర స్పష్టంగా బయటపడుతుంది, దాచుకునే చోటు తగ్గుతుంది.

ఈ రకమైన సాక్ష్యాన్నీ, పూర్వయుగాల వాతావరణపు ఆనవాళ్లనూ, మేఘాల మీది ప్రత్యక్ష పరిశీలనలనూ కలిపి ఆరో నివేదిక సున్నితత్వాన్ని 2.5 నుంచి 4 డిగ్రీల మధ్యకు, మధ్య అంచనాను 3 డిగ్రీలకు తెచ్చింది. అంతకంటే ముఖ్యమైన పని మరొకటి చేసింది. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత భవిష్యత్తును చెప్పేటప్పుడు నమూనాల ముడి సగటును పక్కనపెట్టి, పరిశీలనలతో సరిచూసి మదింపు చేసిన అంకెలనే ఇచ్చింది. ఉదాహరణకు మధ్యస్థ బాట అయిన ఎస్‌ఎస్‌పీ2-4.5లో 2081–2100 నాటికి 2.7 డిగ్రీలు, హద్దులు 2.1 నుంచి 3.5. ఇది ఐపీసీసీ చరిత్రలో కొత్త అడుగు.

ఇప్పుడు అట్లాస్ దగ్గరకు వద్దాం. నివేదిక ప్రధాన పాఠం ఇంత జాగ్రత్తగా జల్లెడ పట్టినా, అట్లాస్‌లో కాలాన్నిబట్టి చూసే పటాల్లో మాత్రం సీమిప్-6 సమూహం జల్లెడ పట్టకుండానే ఉంటుంది. వేడి నమూనాలు, చల్లని నమూనాలు అన్నిటికీ అక్కడ సమాన ఓటు. 2041–2060, ఎస్‌ఎస్‌పీ5-8.5 అని నొక్కి, వచ్చిన ముదురు ఎరుపును తెరపట్టు తీసి నివేదికలో అతికించేవారు ఈ సంగతి గమనించరు. 2022లో జీక్ హౌస్‌ఫాదర్, మరికొందరు శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో ఈ వేడి నమూనాల సమస్యను ప్రత్యేకంగా ఎత్తిచూపి, నమూనాలను గుడ్డిగా సగటు తీయవద్దని పరిశోధకులను హెచ్చరించారు. వారు చూపిన ప్రత్యామ్నాయమే నేను మొదట చెప్పిన రెండో దారి. అట్లాస్‌లో దాన్ని వేడి స్థాయి అన్న ఎంపిక ద్వారా అందుకోవచ్చు.

ఆ ఎంపికలో సంవత్సరాలు ఉండవు. 1.5, 2, 3, 4 డిగ్రీలు అన్న నాలుగు మెట్లుంటాయి. 2 డిగ్రీల మెట్టును నొక్కితే, ప్రతి నమూనాలోనూ ప్రపంచ సగటు 2 డిగ్రీలకు చేరిన ఇరవై ఏళ్ల కాలాన్ని వెతికి తీసి, అప్పుడు మన ప్రాంతం ఎలా ఉందో చూపిస్తుంది. తొందరపడే నమూనా ఆ మెట్టును ముందే ఎక్కి ఉండవచ్చు, నెమ్మది నమూనా ఆలస్యంగా ఎక్కి ఉండవచ్చు. ఎవరి తొందర వారిదే అయినా, మెట్టు మీద నిలబడ్డ తరువాత ప్రాంతీయ చిత్రాలు ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. సున్నితత్వంలోని తేడా ఇలా చాలావరకు వడబోతకు పోతుంది. ఇక ఆ మెట్టు ఎప్పుడు వస్తుందన్నది మదింపు అంకెల నుంచి తీసుకోవాలి. ఎస్‌ఎస్‌పీ2-4.5లో 2041–2060 కాలానికి మదింపు అంకె 2.0 డిగ్రీలు, హద్దులు 1.6 నుంచి 2.5. అంటే ఆ బాటలో శతాబ్దం మధ్యకాలానికి 2 డిగ్రీల పటం చూడాలి, జాగ్రత్తపరులు 1.5 పటాన్నీ, 3 పటాన్నీ కూడా పక్కన పెట్టుకోవచ్చు. కాలం నివేదిక నుంచి, స్థలం అట్లాస్ నుంచి: ఈ రెండంచెల పద్ధతి అలవాటైతే అట్లాస్ విలువ రెట్టింపవుతుంది. అయితే ఇంత అవసరమైన విషయం పటం ముఖం మీదే ఒక వాక్యంగా ఉండాలి. సాంకేతిక అనుబంధాలు చదివేవారికి మాత్రమే తెలిసేట్టు ఉండటం ఈ సేవ రూపకల్పనలో నాకు కనిపించిన పెద్ద లోటు.

రెండో లోటు గీతలది. నమూనాలలో 80 శాతం కంటే తక్కువ నమూనాలు పెరుగుదలా తరుగుదలా అన్నదాని మీద ఏకీభవించినచోట అట్లాస్ పటం మీద వాలు గీతలు గీస్తుంది. వర్షపాతానికి ఇది చాలా ఉపయోగకరం. ఉష్ణోగ్రతకు వచ్చేసరికి పెరుగుతుందన్న విషయంలో అన్ని నమూనాలూ ఒకటే మాట, కాబట్టి పటం మీద గీత అన్నది కనపడదు. గీత లేదు కనుక అనిశ్చితి లేదని కొత్తవారు అనుకుంటారు. దిశలో ఏకాభిప్రాయం ఉన్నా పరిమాణంలో డిగ్రీలకొద్దీ తేడా ఉండవచ్చు. దాన్ని చూడాలంటే పటాన్ని వదిలి, ప్రాంతీయ సమాచారం అన్న కిటికీ తెరిచి, అక్కడి పట్టికలో పైహద్దు, కిందిహద్దు అంకెలు చదవాలి. అది కూడా ముందే గీసి పెట్టిన ప్రాంతాలకే దొరుకుతుంది. మన జిల్లాలన్నీ దక్షిణాసియా అన్న ఒకే పెద్ద ప్రాంతంలో పడతాయి. రాజస్థాన్ ఎడారికీ మన మహేంద్రగిరి కొండలకూ కలిపి తీసిన సగటుతో పర్లాకిమిడివారు చేసుకునేది పెద్దగా ఏమీ లేదు.

అట్లాస్‌లో పరిశీలనలను వాడుకున్న చోటు మరొకటుంది. 35 డిగ్రీలు, 40 డిగ్రీలు దాటే రోజుల లెక్కకు పక్షపాత సవరణ చేసిన రూపం కూడా ఇచ్చారు. ఒక నమూనా ఫలానా చోట నిజంకంటే 2 డిగ్రీలు చల్లగా ఉంటే, 40 దాటే రోజులు దానికి ఎప్పటికీ దొరకవు. అందుకని పరిశీలనల ఆధారంగా తయారైన డబ్ల్యూ5ఈ5 దత్తాంశంతో పోల్చి ఆ తేడాను సరిచేస్తారు. దీన్ని చూసి, ఇక నమూనాను థర్మామీటరుతో సరిచూసినట్టే గదా అనుకోవడం పొరపాటు. బస్తా పెట్టకముందే రెండు కిలోలు చూపించే కాటాలో ఆ రెండు కిలోలూ తీసేసి తూకం చదువుకోవచ్చు. బరువు పెరిగినకొద్దీ తప్పు కూడా పెరిగే కాటాకు ఆ వైద్యం పనిచేయదు. పక్షపాత సవరణ మొదటి రకం తప్పుకు మందు. వాయువులు పెరిగినకొద్దీ అతిగా స్పందించే నమూనా రెండో రకం కాటా. దాన్ని పట్టుకోవాలంటే ముందు చెప్పిన పద్ధతిలో దశాబ్దాల పెరుగుదల రేటునే పరీక్షించాలి. అట్లాస్‌లో సవరించిన అన్న ముద్ర ఉన్న పటాల్లో కూడా వేడి నమూనా వేడి నమూనాగానే ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన గడి సంగతి. సీమిప్-6 ఫలితాలను అట్లాస్ ఒక డిగ్రీ చదరాలుగా చూపిస్తుంది. 18 నుంచి 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 84 నుంచి 85 డిగ్రీల తూర్పు రేఖాంశం మధ్య ఉన్న చదరాన్ని తీసుకోండి. అందులో పర్లాకిమిడి ఉంది, టెక్కలి, పలాస, సోంపేట ఉన్నాయి, కళింగపట్నం తీరం ఉంది, 1,501 మీటర్ల మహేంద్రగిరి శిఖరం ఉంది, మిగిలిన చోటులో చాలాభాగం బంగాళాఖాతం. కిలోమీటరు ఎత్తుకు దాదాపు 6.5 డిగ్రీలు తగ్గుతుందన్న లెక్కన శిఖరానికీ తీరానికీ మధ్యనే తొమ్మిది పది డిగ్రీల తేడా ఉండాలి. పటం మీద మాత్రం అంతా ఒకటే రంగు. భారత వాతావరణ శాఖ వడగాలిని ప్రకటించడానికి పెట్టుకున్న ప్రమాణాలు చూస్తే ఈ చిక్కు ఎంత నిజమో తెలుస్తుంది. మైదానాల్లో గరిష్ఠం 40 డిగ్రీలు, తీరంలో 37, కొండ ప్రాంతాల్లో 30 దాటితేనే ఆ పరిశీలన మొదలవుతుంది, ఆపైన సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. అంటే మన ఒక్క చదరంలోనే మూడు ప్రమాణాలూ వర్తిస్తాయి. అట్లాస్‌లో 40 దాటే రోజుల పటం చూసి సోంపేట తీరంవారు ఊరట చెందడానికి వీల్లేదు. అక్కడ 37 డిగ్రీలే ఉక్కతో కలిసి మనిషిని పడగొడుతుంది, ఉక్క సంగతి గరిష్ఠ ఉష్ణోగ్రత లెక్కల్లో రాదు. ఒడిశాలో 1998 వేసవి వడగాలులకు రెండు వేలమందికి పైగా చనిపోయిన సంగతి ఈ జిల్లాలవారికి ఎవరూ గుర్తుచేయనక్కరలేదు.

అలాగైతే మన దగ్గరి థర్మామీటర్ల రికార్డులతోనే నమూనాలను జల్లెడ పడితే పోదా అన్న ఆలోచన సహజంగా వస్తుంది. నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించిన ప్రశ్న ఇదే, దీనికి జవాబు మాత్రం నిరుత్సాహపరిచేదే. భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో వెలువరించిన మదింపు ప్రకారం 1901 నుంచి 2018 వరకు భారతదేశ సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగింది. ప్రపంచ సగటు పెరుగుదల 2011–2020 దశాబ్దానికి 1.09 డిగ్రీలు. రెండింటి మొదటి కాలాలు వేరు కాబట్టి తిన్నగా తీసివేత చేయకూడదు, అయినా మన నేల ప్రపంచపు నేలల కంటే నెమ్మదిగా వేడెక్కిందన్నది మాత్రం నిజం. దీన్ని చూసి, ఇంతకంటే ఎక్కువ వేడి చూపిన నమూనాలన్నీ తప్పని కొట్టిపారేస్తే ఏమవుతుంది? అదే మదింపు కారణం కూడా చెప్పింది: వాయువుల వల్ల కలిగిన వేడిని ఏరోసాల్, నేల వినియోగంలో మార్పులు కొంత తగ్గించాయి. గంగా మైదానం మీది కాలుష్యపు పొగ, బోరుబావుల కింద విస్తరించిన సాగుభూముల నుంచి ఆవిరయ్యే నీరు మన వేడిలో కొంత భాగాన్ని దాచిపెట్టాయి. ఒక నమూనా మన దగ్గర అతిగా వేడెక్కితే, అది వాయువులకు అతిగా స్పందిస్తున్నదా, లేక మన పొగను, మన సాగునీటిని తక్కువగా లెక్కగట్టిందా అన్నది ఆ ఒక్క అంకె చెప్పలేదు. దేశం బొగ్గు పొగను శుభ్రం చేసుకున్న రోజున ఆ దాగిన వేడి బయటికి వస్తుంది. ప్రపంచ సగటు విషయంలో మనల్ని కాపాడిన ఏరోసాల్ స్థిరత్వం దక్షిణాసియాకు లేదు, 1980ల తరువాత ఇక్కడ అది పెరుగుతూనే వచ్చింది. కాబట్టి చిన్న ప్రాంతపు రికార్డుతో నమూనాలను ఏరితే, దొరికేది తప్పుడు ధైర్యం కావచ్చు.

దీనికి తోడు సహజమైన ఊగిసలాట: పసిఫిక్ సముద్రం కొన్నేళ్లకోసారి వేడెక్కుతుంది (ఎల్‌నినో), చల్లబడుతుంది (లానినా). ఎల్‌నినో ఏడాది వేసవి ఒకలా, లానినా ఏడాది ఇంకోలా ఉంటుంది. ప్రపంచ సగటులో ఈ ఊపులు చాలావరకు ఒకదానికొకటి సర్దుకుంటాయి, ఒక చదరంలో సర్దుకోవు. ముప్పై ఏళ్ల వాలును ఒక రెండు తీవ్రమైన వేసవులు అటూ ఇటూ తిప్పేయగలవు.

ప్రాంతీయ స్థాయిలో ఈ పని అసాధ్యమేమీ కాదు. ఓరెలియాన్ రీబ్, సహచరులు 2022లో ఫ్రాన్స్‌కు ఇదే చేసి చూపించారు. ప్రపంచ సగటు రికార్డునూ, ఫ్రాన్స్ రికార్డునూ కలిపి వాడితే మధ్యస్థ బాటలో శతాబ్దాంతానికి ఆ దేశం 3.8 డిగ్రీలు వేడెక్కవచ్చని వారు తేల్చారు. అయితే వారి చేతిలో దీర్ఘకాలంగా, చిక్కగా, సరిదిద్దిన థర్మామీటర్ల వరుస ఉంది. మన గడిలో దీర్ఘకాలిక రికార్డు ఉన్న కేంద్రం కళింగపట్నం, గడికి ఉత్తరాన గోపాల్‌పూర్. రెండూ సముద్రపు గాలి తగిలే చోట్లే. మధ్యలో ఉన్న కొండలకు పటం ఇచ్చే అంకె చుట్టుపక్కల కేంద్రాల రీడింగులకు దూరాన్నిబట్టి తూకం వేసి అల్లిన అంకె మాత్రమే.

ఆ రీడింగు ఎలా పుడుతుందో ఒకసారి చూసినవారికి దీర్ఘకాలిక రికార్డు మీద గౌరవం పెరుగుతుంది. మనిషి ఛాతీ ఎత్తున కాళ్ల మీద నిలబెట్టిన తెల్లటి చెక్క పెట్టె, గాలి ఆడేలా నాలుగువైపులా వాలు పలకలు, ఎండ లోపలికి పడకుండా ఉత్తరం వైపు తలుపు. లోపల నాలుగు థర్మామీటర్లు: గరిష్ఠం, కనిష్ఠం, పొడి, తడి. గరిష్ఠం చూపే పాదరసపు గొట్టంలో బల్బు దగ్గర ఒక సన్నని నొక్కు ఉంటుంది, పైకి ఎక్కిన పాదరసం దాన్ని దాటి వెనక్కి జారదు. కనిష్ఠానిది సారాయి గొట్టం, అందులో చిన్న సూచిక పుల్ల ఉంటుంది. ఉదయం 8.30కి చదివి, గరిష్ఠాన్ని విదిలించి మళ్లీ పాదరసాన్ని దింపాలి. చదివే గంట మారినా, పెట్టెను పెరటి గడ్డి మీది నుంచి సిమెంటు ఆవరణలోకి మార్చినా, పక్కన మేడ లేచినా రికార్డులో ఒక మెట్టు పడుతుంది. ఆ మెట్టును వాతావరణ మార్పుగా చదవకూడదు. సముద్రం మీద కూడా ఇదే గొడవ: బకెట్టుతో నీళ్లు తోడి కొలిచిన కాలపు రీడింగులూ, ఇంజిను గదిలోకి వచ్చే నీటిని కొలిచిన కాలపు రీడింగులూ ఒకటి కావు. ఇలాంటివి సరిచేసి, ఆర్కిటిక్ వంటి ఖాళీలను పూరించినందువల్లనే ఆరో నివేదికలో గతపు వేడి అంచనా ముందటి లెక్క కంటే 0.1 డిగ్రీ పెరిగింది. అంటే నమూనాలను తూచే రాయి బరువే కొద్దిగా మారింది. ఈ మార్పు ఎటు జరిగితే భవిష్యత్తు అంచనా అటు జరుగుతుంది.

ఉద్దానం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఈ తెరలన్నీ ఓపికగా చూసి, "మాస్టారూ, ఈ రంగులూ గీతలూ నాకెందుగ్గానీ, నా మనవడు తోట చూసుకునేనాటికి ఎండ ఇంకెంత పెరుగుతాదో ఆ మాట చెప్పండి" అన్నారు. అట్లాస్ ఈ ప్రశ్నకు తిన్నగా జవాబివ్వదు, కానీ జవాబు కట్టుకోవడానికి సరుకు ఇస్తుంది. మధ్యస్థ బాటలో శతాబ్దం మధ్యకు ప్రపంచం 2 డిగ్రీల మెట్టు దగ్గర ఉంటుంది. ఆయన జ్ఞాపకంలో ఉన్న 1995–2014 కాలానికే ప్రపంచం 0.85 ఎక్కి ఉంది. కాబట్టి మిగిలినది ప్రపంచ సగటున 1.15 డిగ్రీలు, హద్దులు చూస్తే ముప్పావు డిగ్రీ నుంచి ఒకటిన్నర పైచిలుకు వరకు. అంకె చిన్నదే, కానీ అది ఏడాది పొడుగునా రాత్రీ పగలూ కలిపిన సగటు. దాని మీద ఎల్‌నినో ఏడాది వచ్చి కూర్చుంటే మే నెల ఎలా ఉంటుందో తోట ఉన్నవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఇదే ప్రశ్నకు కాలపు పటం తెరిచి, అత్యధిక ఉద్గారాల బాట నొక్కి, జల్లెడ పట్టని అంకె చెబితే ఆయన్ను అనవసరంగా భయపెట్టినవాళ్లమవుతాం. భారత సగటు 0.7 మాత్రమేనని చెప్పి పంపితే నిద్రపుచ్చినవాళ్లమవుతాం.

వాడకం సౌలభ్యం గురించి క్లుప్తంగా. సేవ పూర్తిగా ఉచితం, నమోదు అవసరం లేదు, మూలాన్ని పేర్కొంటే పటాలను తిరిగి వాడుకోవచ్చు. తెర ఇంగ్లిషులో ఉంటుంది. చిన్న ఫోను మీద ఎంపికల వరుసలు ఇరుకైపోతాయి, కాబట్టి పాఠశాలల్లో కంప్యూటరు మీద చూపించడమే మేలు. పటాన్ని బొమ్మగానూ, నెట్‌సీడీఎఫ్ దత్తాంశంగానూ దించుకోవచ్చు. డిగ్రీ, పీజీ విద్యార్థుల ప్రాజెక్టులకు ఐదుకు నాలుగు ఇస్తాను. గ్రామస్థాయి ప్రణాళికలకు, ఒంటరిగా వాడితే రెండుకు మించి ఇవ్వలేను. ప్రాంతీయ నమూనాలు చదరాన్ని చిన్నది చేస్తాయి గదా అని కార్డెక్స్ వైపు వెళ్లేవారు ఒక సంగతి గమనించాలి: వాటిని బయటి నుంచి నడిపించినది పాత సీమిప్-5 సమూహపు నమూనాలే. మహేంద్రగిరి ఎత్తు పటంలో కొంత మెరుగ్గా కనిపించినంత మాత్రాన సున్నితత్వపు ప్రశ్న తీరిపోదు.

అట్లాస్‌తో జతగా నేను సిఫారసు చేసేది పుణెలోని వాతావరణ శాఖ కార్యాలయం ఉచితంగా ఇచ్చే గడుల దత్తాంశం. 1951 నుంచి రోజువారీ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, ఒక డిగ్రీ చదరాల్లో, ఏడాదికొక ఫైలుగా దొరుకుతాయి. దేశమంతా 31 అడ్డువరుసలు, 31 నిలువువరుసలు. మన గడి కేంద్రం 18.5 ఉత్తరం, 84.5 తూర్పు. 1981 నుంచి దాని వాలు గీసి, అట్లాస్‌లోని నమూనాల గతంతో పక్కపక్కన పెట్టి చూడటం పీజీ విద్యార్థికి మంచి అభ్యాసం, పైన చెప్పిన జాగ్రత్తలతో. ఫైలు బైనరీ రూపంలో ఉంటుంది కాబట్టి మామూలు ఎక్సెల్‌లో తెరుచుకోదు. విలువ లేని గడుల్లో 99.9 అని నింపి ఉంటుంది. సగటు తీయకముందే వాటిని తొలగించకపోతే సముద్రం మీద మరిగే నీటిని పోసినట్టు లెక్క వస్తుంది.